సిస్టర్‌గారు మింగిన కాగితం

రిటైర్మెంటుకి రెండేళ్ళ ముందు, తొలకరి రోజుల్లో, నన్ను అమలాపురంలో స్పెషల్ బ్రాంచి ఏఎస్సైగా వేశారు. విదేశీయులు వీసా పొడిగింపు అడిగితే విచారణ చెయ్యడం నా పని. మఫ్టీలో వెళ్ళి, మనిషినీ కాగితాలనీ చూసి, అభ్యంతరం ఉందో లేదో రిపోర్టు రాయాలి. వాళ్ళు ఉండటమో పోవడమో ఆ ఒక్క ముక్క మీదే తేలిపోతుంది.

రాజోలు దగ్గర మిషన్ ఆసుపత్రిలో నలభయ్యేళ్ళు నర్సుగా చేసిన అల్బేనియా సిస్టర్‌గారి ఫైలు వచ్చింది. డెబ్బై అయిదు దాటిన మనిషి. తన దేశంలో ప్రభుత్వం చర్చిలు మూయించిన కాలం గురించి చరిత్ర రాస్తున్నారు. అది పూర్తయ్యేదాకా ఇక్కడే ఉండనివ్వమని అర్జీ. చుట్టుపక్కల గ్యాస్ బావులు. అలాంటి చోట విదేశీయులు ఏదో రాస్తున్నారంటే మాకు గుండెల్లో రాయి పడేది. తేడా వస్తే ముందు పోయేది నా ఉద్యోగమే.

ఆవిడ ఇంటికి వెళ్ళి, పోలీసునని చెప్పాను. "రండి బాబుగారూ, కూర్చోండి" అన్నారావిడ అచ్చం మనవాళ్ళలాగే. చేతులు మాత్రం వణుకుతున్నాయి. ఇహ దొరికింది అనుకున్నాను. వణికేవాడి దగ్గర సరుకుంటుందని మా సీనియర్లు నేర్పిన మొదటి పాఠం. బల్ల మీద పేర్ల జాబితా కనిపించింది. వీళ్ళెవరండీ అంటూ నోట్‌బుక్కు తీసి, మొదటి పేరు ఎక్కించబోయాను.

ఆవిడ ఆ కాగితం లాక్కుని, ఉండచుట్టి నోట్లో పెట్టేసుకున్నారు.

ఆవిడ నా పెన్ను వైపే చూస్తూ నమిలి మింగుతున్నారు. గొంతుకి అడ్డం పడి ప్రాణం పోతుందేమోనని హడలిపోయాను. వంటమనిషి మరియమ్మ పరిగెత్తుకొచ్చి నీళ్ళు పట్టింది.

"ముందా పెన్ను లోపలెట్టండి బాబుగారూ! సిస్టర్‌గారి చిన్నప్పుడు ఆళ్ళ దేశంలో ఇలాగే ఒకాయనొచ్చి పేర్లు రాసుకెళ్ళేడంటండి. ఆళ్ళెవరూ మళ్ళీ ఇంటికి రాలేదంట. ఈరి నాన్నగారూ అందులోనేనండి."

ఆవిడ మింగినవి, చర్చిలు మూసిన రోజుల సంగతులు రహస్యంగా చెప్పినవాళ్ళ పేర్లట. బయటపెట్టనని ఆవిడ మాటిచ్చారట. జాబితాకి వేరే నకలు కూడా లేదు.

పెన్ను జేబులో పెట్టి గంటసేపు కూర్చున్నాను. ఆవిడ స్థిమితపడ్డాక తన రాతని పేజీ పేజీ తిప్పి తెలుగులో చెప్పారు. మన దేశం ఊసే లేదందులో.

కాగితం సంగతి రాస్తే ఆవిణ్ణి పంపేస్తారని భయం, రాయకపోతే నాకు భయం. చివరికి ఉన్నదున్నట్టు రాశాను: "విచారణ అధికారిని చూసి భయపడి ఒక కాగితం మింగారు. పేర్లు ఎందుకు రాసుకుంటున్నదీ ముందుగా చెప్పకపోవడం అధికారి తప్పు. పొడిగింపుకి అభ్యంతరం లేదు."

మూడు వారాలు బిక్కుబిక్కుమంటూ గడిపాక పొడిగింపు వచ్చింది.

వణికేవాడి దగ్గర సరుకుంటుందన్న పాఠంతో అప్పటికే ముప్ఫయ్యేళ్ళు రిపోర్టులు రాశాను. వాటిలో ఎన్ని తప్పో ఇప్పుడు తేల్చుకునే దారి లేదు.