ఆధార్ చాలన్న ఓడ

ఓడెక్కాలన్న కోరిక మా తోటికోడలిది. అంటే మా ఆయన అన్నగారి భార్య. నేను అక్కా అంటాను. వాళ్ళది మాచవరం దగ్గర పల్లె. మిరప చేలో కూలీలకు అన్నాలు పంపడం, బావగారి రాజకీయాలకు ఇంటికొచ్చేవాళ్ళందరికీ టీలు కాయడంతోనే ఆమె రోజులు గడిచిపోయేవి. తిరుపతి దాటి ఎరగదు. అలాంటి మనిషి ఫోన్లో ఏదో వీడియో చూసి, "ఏమే, చెన్నైలో ఎక్కించుకుని శ్రీలంక చూపించి మళ్ళీ చెన్నైలోనే దింపుతారంట. పోదామా?" అనడిగింది.

బావగారు "సముద్రంలో ఏముంది, నీళ్ళేగా" అన్నారు. మా ఆయన పురుగుమందుల షాపు వదిలి రానన్నాడు. సరే, ఆడవాళ్ళమే పోతామని నేనే నరసరావుపేటలో ఒక ట్రావెల్స్‌కి వెళ్ళి ఇద్దరికీ ఒకే గది బుక్ చేశాను.

"కాగితాలేం కావాలండీ?" అనడిగాను.

"ఆధార్ చాలు మేడమ్. ఎక్కేది చెన్నైలోనే, దిగేదీ చెన్నైలోనే" అన్నాడు ట్రావెల్స్ ఆయన.

"మధ్యలో శ్రీలంక వేరే దేశం కదా?"

"దిగితే కదా మేడమ్ వేరే దేశం! దిగకుండా పైనుంచి చూసుకోండి."

ఆ మాట నాకు అప్పుడే సరిగ్గా అనిపించలేదు. అయినా ఆయన అంత ధీమాగా చెప్పేసరికి డబ్బు కట్టొచ్చాను. తర్వాత తెలిసింది, అంతకుముందు ఆయన జనాన్ని పంపింది మన తీరంలోనే తిరిగొచ్చే ఓడకట. దానికి ఆధార్ చాలు. దీనికి చాలదు. ఓడవాళ్ళే ఫోన్ చేసి చెప్పారు. దిగినా దిగకపోయినా పాస్‌పోర్టు ఉండాల్సిందే, అది కూడా ప్రయాణం నాటికి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి, శ్రీలంక అనుమతి ఆన్‌లైన్లో ముందే తీసుకోవాలి అన్నారు. మానుకుంటే డబ్బు వెనక్కి రాదని కూడా ఆ ఫోన్లోనే చెప్పేశారు.

ట్రావెల్స్ ఆయన్ని నిలదీస్తే, "రూల్స్ మారినట్టున్నాయి మేడమ్" అన్నాడు. రూల్ మారలేదు, ఆయన చదవలేదు. గొంతు చించుకుని అరిచాను. ఆయన మాత్రం నాకు మంచినీళ్ళు తెప్పించాడు.

నా దగ్గర పాస్‌పోర్టు ఉంది. మేం మాచర్లలో ఉన్నప్పుడు పురుగుమందుల కంపెనీవాళ్ళు డీలర్లను భార్యలతో సహా మలేషియా తీసుకెళ్ళారు, అప్పటిది. బీరువాలోంచి తీసి చూస్తే గడువు ఆరు నెలలకు కొంచెం తక్కువలో ఉంది. నాది రెన్యువలే కదా, చిటికెలో వస్తుంది, బెంగంతా అక్క గురించే అనుకున్నాను. ఆమెకు బడి సర్టిఫికెట్ లేదు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక రకంగా, ఓటరు కార్డులో ఇంకో రకంగా ఉంది.

ఇద్దరం కలిసే గుంటూరు పాస్‌పోర్టు ఆఫీసుకి వెళ్ళాం. అక్క ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఒక బియ్యపు సంచిలో వేసుకొచ్చింది. కౌంటర్లో ఉన్న ఆవిడ, అక్క ఇంటిపేరు ఆధార్‌లో ఉన్నట్టే రాస్తానంది, అక్క తలూపింది, అయిపోయింది. నా దగ్గరికొచ్చేసరికి ఆవిడ ఆగింది.

"నరసరావుపేటకి మారి ఏడాది కాలేదా? అయితే మాచర్ల నుంచి కూడా పోలీసు రిపోర్టు రావాలి."

సరే, రానీ అనుకున్నాను. అక్క రిపోర్టు తొందరగానే వెళ్ళింది. వాళ్ళ ఊరికొచ్చిన కానిస్టేబుల్ ఇరుగుపొరుగును అడిగితే, "ఆమె టీ తాగనోడు ఈ మండలంలో లేడు" అన్నారట. పాస్‌పోర్టు పోస్టులో ఇంటికొచ్చింది. నాది మాత్రం కదల్లేదు. కనుక్కుంటే మాచర్ల నుంచి వచ్చిన రిపోర్టులో "సదరు వ్యక్తి ఈ చిరునామాలో నివాసం లేదు" అని ఉందన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను అక్కడ లేనని నేనే కదా రాసిచ్చింది! మాచర్ల బస్సెక్కి స్టేషన్‌కి పోయాను.

"నేను ఇక్కడ ఉండేదాన్నని రాయండి సార్. ఇప్పుడు లేనని కాదు."

"లేరు కాబట్టి లేరని రాశామమ్మా."

"ఇంతకుముందు ఉన్నాను కదా?"

"అది మళ్ళీ వాళ్ళు అడగాలమ్మా. అడిగితే రాస్తాం."

ఆయన తప్పేం లేదు, మర్యాదగానే మాట్లాడాడు. అందుకే ఇంకా కోపమొచ్చింది. తిట్టడానికి మనిషి దొరక్కపోతే కోపం ఎక్కడ పెట్టుకోవాలి? మళ్ళీ అడిగించడానికి గుంటూరు, అడిగారో లేదో కనుక్కోవడానికి ఫోన్లు. ఆ ఫోన్లో ఒకటి నొక్కమంటారు, రెండు నొక్కమంటారు, చివరికి పాట పెడతారు. మా ఆయన అన్నం తింటూ, "ఏందే, కంచం ముందు కూడా ఆ పాటేనా?" అన్నాడు. ఆ రోజు ఆయనకు పెరుగు వేయలేదు.

ఓడ బయల్దేరే వారం వచ్చింది. నా పాస్‌పోర్టు రాలేదు. పోగొట్టుకున్న డబ్బు పోనీ, మానేద్దామని చెప్పడానికి అక్క వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె కొత్త చీరలకు ఫాల్స్ కుట్టించి మంచం మీద పరిచి ఉంచింది. నేను చెప్పిందంతా విని ఒక చీర మడతపెట్టింది.

"మరి నేను పోతానే" అంది.

"ఒక్కదానివా?"

"గదిలో రెండో మంచం ఖాళీగా ఉంటది. అంతేగా?"

ఎన్నికల్లో ఎంతమందినో ఎదిరించిన బావగారు చెప్పులేసుకుని బయటికి పోయారు. నాకు మాత్రం లోపల భగ్గుమంది. ఆమె కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది నేను. శ్రీలంక అనుమతికి ఫోన్లో ఆమె ఫొటో ఎక్కించింది నేను. "నువ్వు రాకపోతే నేనూ పోను" అని మాటవరసకైనా అంటుందనుకున్నాను. అనలేదు.

అయినా చెన్నై దాకా తోడు వెళ్ళాను. ఓడరేవులో లోపలికి ప్రయాణికులనే వదిలారు. గేటు దగ్గర ఉద్యోగి పాస్‌పోర్టు తిప్పి చూసి, "మీతో ఎవరూ లేరా అమ్మా?" అనడిగాడు, తమిళం కలిసిన తెలుగులో.

"మా తోటికోడలు ఉంది. అదిగో, బయట నిలబడింది. కాగితం రాలా దానికి" అని అక్క నన్ను వేలు పెట్టి చూపించింది. వరుసలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. నేను తల తిప్పుకున్నాను. మళ్ళీ చూసేసరికి ఆమె లోపలికి వెళ్ళిపోయింది. చెయ్యి ఊపిందో లేదో తెలియదు.

ఆమె సముద్రం మీద ఉండగానే నా పాస్‌పోర్టు వచ్చింది. కొత్త పుస్తకం, ఒక్క ముద్ర లేదు. పోస్టుమాన్ సంతకం పెట్టమంటే, కాగితం చిరిగేలా పెట్టాను.

తిరిగొచ్చాక నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉంది అక్క. ఓడలో మొదటిరోజు వాంతులయ్యాయట, తర్వాత ఎవరో కోయంబత్తూరు ఆడవాళ్ళు కలిశారట, భాష రాకపోయినా వాళ్ళతో కలిసి శ్రీలంకలో దిగిందట. "అక్కడి సంతలో ఎండుమిరపకాయలు చూశానే. మనవాటి ముందు చానా తేలిక. చేత్తో పట్టుకుంటే తెలిసిపోద్ది" అంది.

"సరేలే, పడుకో" అన్నాను.

"ఇంకా కోపమేనా?"

"కోపమే."

"ఉండు మరి" అని అటు తిరిగి పడుకుంది. రెండు నిమిషాల్లో గురక మొదలుపెట్టింది.