జనవరిలో చుట్టేసిన తీగ

మా ఊళ్లో అక్టోబరు మొదటి మంచుకి ప్రతి ఇంట్లోనూ మేకుకు తగిలించిన కరెంటు తీగ కిందికి దిగుతుంది. కారు ముందు నుంచి వేలాడే చిన్న తీగను దానికి కలిపితే లోపలి హీటరు రాత్రంతా ఇంజన్‌ని వెచ్చగా ఉంచుతుంది. ఏప్రిల్ దాకా ఆ తీగ మళ్లీ మేకెక్కదు. తీగ పెట్టడం మర్చిపోయినా పెట్రోలు బండి ఒక్కోసారి మన్నిస్తుంది. డీజిల్ బండి మన్నించదు. ఆ సంగతి ఒరెస్ట్ హ్రిసాక్‌కి తెలిసినంత బాగా కెనడాలోని ఈ సస్కాచెవాన్ మైదానంలో ఎవరికీ తెలియదు.

ఒరెస్ట్‌కి డెబ్బై తొమ్మిదేళ్లు. ధాన్యం గిడ్డంగిలో ముప్పై నాలుగేళ్లు తూకాలు వేసి దిగిపోయాడు. ఆయన డీజిల్ కారుకి నలభై ఏళ్లు. ఏ పనికైనా ఆయనకో వరస ఉంటుంది, అది తప్పితే మనిషి కుదురుగా ఉండడు. గాలికి ప్లగ్గు ఊడకుండా రెండు తీగల్నీ ముందు ముడేస్తాడు. బస్తా మూతికి వేసే ముడి అది, రెండు చుట్లు చుట్టి కొసను లోపలికి తోస్తాడు. వేళ్లు వంకర్లు పోయాక ఆ ఒక్క ముడికే ఐదు నిమిషాలు పట్టేది.

"కారేమన్నా పారిపోతుందా బాబాయ్, అంత గట్టిగా కట్టేస్తున్నావ్?" అని ఏడిపించేవాణ్ణి.

"నీ బుర్రలాగా వదులుగా ఉంచమంటావట్రా మైరాన్?" అనేవాడు.

నాకు మెకానిక్ షెడ్డు ఉంది గనక ఆయన తిట్లలో సగం నా వాటాకే వచ్చేవి.

ఆయన భార్య స్టెఫానియాకి ఏడేళ్ల క్రితం రెండు కిడ్నీలూ పోయాయి. సోమ, బుధ, శుక్రవారాల్లో నూట పది కిలోమీటర్ల అవతలున్న ఆస్పత్రిలో తొమ్మిదింటికల్లా డయాలిసిస్ కుర్చీలో ఉండాలి. ఆ ఏడేళ్లలో ఒరెస్ట్ ఒక్క రోజు కూడా ఆలస్యం చేయలేదు. ఆమె ఆయన కోసం బంగాళదుంప కూరి పిరోగీలు చేసేది గానీ తను ఒక్కటీ నోట్లో పెట్టుకోకూడదు. దాహమేస్తే ఐసుముక్క చప్పరించాలి, అదీ లెక్క ప్రకారం.

ఈ ఏడు జనవరిలో, ఏడో తేదీన వచ్చే మా ఉక్రెయిన్ వాళ్ల క్రిస్మస్ అయిన మర్నాడు, బుధవారం పొద్దున్నే ఒరెస్ట్ ఫోను.

"ఒరేయ్, కారు మొండికేసిందిరా. త్వరగా రా."

పరుగెత్తాను. మైనస్ ముప్పై రెండు డిగ్రీలు. తాళం తిప్పితే ఇంజన్ బాగానే తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు, అంటే బ్యాటరీ తప్పు కాదు. వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ వస్తోంది, అంటే డీజిల్ లోపలికి వెళుతోంది గానీ మండటం లేదు. మండాలంటే వేడి కావాలి. ఆ వేడి ఎక్కడో తక్కువవుతోంది. ఆ వేడి పుట్టించే గ్లో ప్లగ్గులే పోయి ఉంటాయనుకుని నాలుగూ మార్చాను. అప్పటికి పదకొండైంది. ఆమె కుర్చీ ఇంకెవరికో వెళ్లిపోయింది.

"నా ట్రక్కులో దింపుతాను పిన్నీ, వేరే టైమిస్తారేమో అడుగుదాం" అన్నాను.

"ఆ ఎత్తు నా కాళ్లు ఎక్కలేవు బాబూ. ఎల్లుండికి బాగవుతుందిలే" అంది.

శుక్రవారం గంటన్నర సెల్ఫ్ కొట్టాక గానీ అంటుకోలేదు. కుర్చీ మళ్లీ పోయింది. ప్లగ్గులకి కరెంటిచ్చే రిలే మార్చాను. సోమవారమూ అంతే. ఫిల్టరు మార్చాను, డీజిల్ గడ్డకట్టిందేమోనని ట్యాంకు కడిగాను. ఆమె పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం మానేశాయి. పడుకుంటే ఆయాసం. ముప్పై ఏళ్ల నా పనితనం ఒక్క కారు ముందు చేతులెత్తేసింది.

సోమవారం సాయంత్రం తీగ పెట్టిన రెండు గంటలకి ఇంజన్ మీద చెయ్యి వేసి చూశాను, వెచ్చగా ఉంది. బుధవారం పొద్దున వాళ్లు పిలవకముందే వెళ్లి మళ్లీ చెయ్యి వేశాను. తీగ పెట్టే ఉంది, ఇంజన్ మాత్రం బండరాయిలా ఉంది. ప్లగ్గు తీసి చూద్దామని వంగాను. అక్కడున్నది బస్తా ముడి కాదు. కొస లాగితే ఊడిపోయే పువ్వు ముడి. స్టెఫానియా వంటింటి ఏప్రన్ నాడాల్ని వీపు వెనక అలాగే కట్టుకుంటుంది.

తలెత్తితే వసారా కిటికీలోంచి ఆమె నన్నే చూస్తోంది. చేత్తో రమ్మంది.

"ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. త్వరగా విను."

"నువ్వే తీస్తున్నావా పిన్నీ?"

"ఆయన పడుకున్నాక తీస్తాను. తెల్లారకముందే మళ్లీ పెట్టేస్తాను."

ఒళ్లు మండిపోయింది. ఆ చలిలో మూడు రోజులు కారు కింద పడుకుని చేతులు గీరుకున్నది నేను! అరవబోయి ఆమె పాదాలు చూశాను. గొంతు తగ్గించాను.

"చెప్పొచ్చుగా ఆయనకి."

"మూడుసార్లు చెప్పానురా. మాట పూర్తవకుండానే కోటేసుకుని కారు దగ్గరికి పోతాడు. డయాలిసిస్ మానేయడం నా ఇష్టమేనని డాక్టరమ్మ కూడా చెప్పింది. అలిసిపోయాను మైరాన్. ఒకరోజు ఆ కుర్చీ, ఒకరోజు మంచం, మళ్లీ కుర్చీ. నీ మాటంటే ఆయనకి గురి. ఇంజన్ పోయిందని చెప్పు. ఇంకేం అడగను నిన్ను."

అబద్ధం చెప్పడానికే బయటికొచ్చాను. ఒరెస్ట్ అప్పటికే బానెట్ ఎత్తి నిలబడి ఉన్నాడు, చెంప మీద సబ్బు నురుగు ఇంకా ఉంది.

"బాబాయ్, ఈ ఇంజన్..."

"ఇంజెక్టర్లు చూశావా?"

"చూడక్కర్లేదు బాబాయ్. అసలు ఇది..."

"ఆ ముడి నాది కాదురా" అన్నాడు మెల్లగా. "మొదటి బుధవారమే చూశాను."

"మరి నా చేత ఇవన్నీ ఎందుకు మార్పించావు?"

"మార్చడానికి ఏదో ఒకటి ఉండాలి కదరా. అది అయిపోతే నేను లోపలికెళ్లి మీ పిన్ని మొహం చూడాలి." స్పానరు తీసి నా చేతిలో పెట్టాడు. "ఇంజెక్టర్లు చూడు."

చూశాను. ఏ లోపమూ లేదు. అలాంటి పాడుపని నా జన్మలో ఇంకొకటి చేయలేదు. లోపల ఆమె, బయట ఆయన, ఇద్దరూ నా వంక చూడటం. నేను ఎవరికీ అక్కరకు రాలేదు. ఆమె కోరిన మాట చెప్పలేదు, ఆయన వినకూడదనుకున్న మాటా అనలేదు.

శుక్రవారం వాళ్ల దగ్గర్నుంచి ఫోను రాలేదు. మనసాగక వెళ్లాను. కారు మంచులో వట్టిగా నిలబడి ఉంది. తీగ లేదు. వసారాలో చూస్తే ఒరెస్ట్ దాన్ని చుట్టలు చుట్టి, ఏప్రిల్లో చేసినంత శుభ్రంగా మేకుకు తగిలించాడు. జనవరిలో తీగ చుట్టేసిన మనిషిని మా ఊళ్లో ఇంకొకణ్ణి నేను చూడలేదు. వంటింట్లో స్టెఫానియా పిరోగీ తింటోంది. పక్కన గ్లాసు నిండా మంచినీళ్లు. ఆయన ఎదురుగా కూర్చుని, ఆమె గుక్క మింగినప్పుడల్లా తనూ మింగుతున్నాడు. నన్నెవరూ కూర్చోమనలేదు. వెనక్కి వచ్చేశాను.

ఆమె పదకొండు రోజులు బతికింది.

సమాధి చేసే రోజున మైనస్ ముప్పై నాలుగు. ముందురోజు ఒరెస్ట్ తీగ దించి తన చేత్తోనే ముడేశాడు. పొద్దున నేను వెళ్లేసరికి నల్లకోటు తొడుక్కుని కారులో కూర్చుని ఉన్నాడు.

"తిప్పు బాబాయ్" అన్నాను.

తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే అంటుకుంది. పొగ లేదు, దగ్గు లేదు. ఆయన స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

"దీనికేం రోగం లేదురా" అన్నాడు. "ఏడేళ్లలో ఒక్క రోజన్నా తనంతట తాను మొరాయించి ఉంటే, ఆ పూటకైనా నా స్టెఫానియాకి సెలవు దొరికేది."