పాదం అడగకముందే

పదిహేనేళ్ళ క్రితం ప్రాజెక్ట్ పని మీద శాంటా క్లారా నుంచి వెర్మాంట్‌లోని ఓ చిన్న ఊరికి వెళ్ళి ఒక చలికాలమంతా ఉన్నాను. అక్కడ ఆదివారం మధ్యాహ్నాలు ఓ పాత చెక్క హాల్లో కాంట్రా డాన్స్ చేసేవాళ్ళు. రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబడి, ఫిడేలు పాటకి జతలు మార్చుకుంటూ ఆడతారు. పాట అయ్యేదాకా అవే అడుగులు మళ్ళీ మళ్ళీ వస్తాయి; తర్వాత ఏం చేయాలో ఒకరు మైకులో చెబుతుంటారు.

అలా చెప్పే మార్గరెట్ గారికి డెబ్బై దాటాయి. నేను కొన్ని వారాలు ఆడి నేర్చుకున్నాక ఓ రోజు, అందరూ కొత్తవాళ్ళే ఉన్నప్పుడు, మైకు నా చేతిలో పెట్టారు. ఆఫీసులో నేనేం చెప్పినా "పార్డన్?" అనేవాళ్ళు.

"నా యాక్సెంట్ వీళ్ళకి అర్థం కాదండీ," అన్నాను.

"చెప్పి చూడు," అన్నారావిడ.

నేను నోరు తెరిచేసరికి ఆలస్యమైపోయింది. వరసలు ఒకదానికొకటి గుద్దుకున్నాయి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"పాదం అడగకముందే చెప్పాలి హనీ. మళ్ళీ మొదలుపెట్టు," అంటూ ఆవిడా వరసలో చేరారు.

ఈసారి ఒక అడుగు ముందే చెప్పాను. కిటికీల బయట మంచు రాలుతోంది. లోపల ముప్పై మంది నా మాట వెంట ఏటినీళ్ళలా మెలితిరుగుతున్నారు. ఇంతలో మార్గరెట్ గారు నా వైపు తిరిగి పెదవుల మీద వేలు పెట్టారు. భయపడి ఆపేశాను.

ఎవరూ ఆగలేదు. ఫిడేలు, పాదాల చప్పుడు, నేను. కలలో నిలబడ్డట్టుంది.

పాట అయ్యాక ఓ గడ్డం పెద్దాయన చెమట తుడుచుకుంటూ, "నువ్వెప్పుడు ఆపావు? నాకు తెలియనేలేదే!" అన్నాడు.

మార్గరెట్ గారు నా భుజం తట్టారు. చెప్పేవాళ్ళకి అక్కడ ఆ పెద్దాయన మాటకి మించిన మెప్పు లేదట.