పావుగంటకోసారి మూసుకున్న తలుపు

తలుపులు తెరిచే దేవునికి స్తోత్రం. ఆయన తెరిస్తే మూయగల చెయ్యి లేదు, ఆయన మూస్తే తీయగల చెయ్యి లేదు. ఏ మాటైనా ఆయన్ని స్తుతించి మొదలుపెట్టాలని మా అమ్మ నేర్పింది, ఆదివారం బడిలో పాస్టరు అయ్యగారు నేర్పారు. కనుక ముందు ఆయనకు మహిమ. ఆ తర్వాతే నా తప్పు.

రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజుల్లో నేను సిద్దిపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో కంప్యూటర్లు చూసేవాణ్ని. పన్నెండు కంప్యూటర్లు, ఒక స్కానింగ్ మిషను, అన్నిటికీ కలిపి ఒకటే ఇంటర్నెట్ లైను. మెట్ల కింద గదిలో ఫైర్‌వాల్ అనే చిన్న డబ్బా ఉండేది. లైను మీద ఏ అప్లికేషన్ పోవచ్చో, ఏది పోకూడదో చూసేది అదే. వీడియోలు, చాటింగులు, ఆటలు, ఒక్కోదాని ఎదురుగా ఒక గడి. గడిలో టిక్కు ఉంటే పోనిస్తుంది, లేకుంటే ఆపుతుంది. దవాఖానలో అందరూ దాన్ని చెక్‌పోస్టు అనేవారు. నన్ను చెక్‌పోస్టన్న అనేవారు.

మా దగ్గర నరాల డాక్టరు లేరు. తలకు స్కాన్ తీస్తే, పట్నంలో ఉన్న డాక్టరు ఒక సాఫ్ట్‌వేర్ ద్వారా మా స్కానింగ్ కంప్యూటర్లోకి వచ్చి, ఆ బొమ్మలు తన దగ్గరికి తెచ్చుకుని చూసి, ఏం చేయాలో ఫోన్లో చెప్పేవారు. లైను ఖాళీగా ఉంటే ఇరవై నిమిషాల పని.

సమ్మె మొదలయ్యాక లైను ఖాళీగా ఉన్నది లేదు. బస్సులు బందు, ఆఫీసులు బందు. కరెంటు ఉన్నంతసేపూ అందరూ సభల వీడియోలే చూసేవారు. స్కాన్ బొమ్మలు గంటలకొద్దీ కదలకపోయేసరికి, అవసరం లేనివన్నీ ఆపేయమని పెద్ద డాక్టరు గారు నాకు చెప్పారు. ఆపాను. ఆపిన మరుక్షణం నుంచి నా గది ముందు మనుషులు.

"అన్నా, మా చెల్లె హాస్టల్ల ఉన్నది. ఆడ లాఠీచార్జి అయిందట. జర పది నిమిషాలు తియ్యి," అని ల్యాబు అమ్మాయి ఏడుపు ముఖంతో వచ్చింది. తీశాను.

వెనకనే కాంపౌండరు వచ్చాడు. "ఆమెకు తీసినవ్, మాకు తియ్యవా? ఏందన్నా, తెలంగాణ వచ్చినంకనన్న తీస్తవా, గప్పుడు గూడ గిట్లనేనా?"

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ మాట ముల్లులా దిగింది. దేవుడు ముఖం చూసి తీర్పు తీర్చడని చిన్నప్పటి నుంచి విన్నవాణ్ని. నేను ముఖాలు చూసే కదా తీస్తున్నాను, మూస్తున్నాను అని ప్రార్థనలో ఏడ్చాను.

అప్పుడు ఒక స్క్రిప్ట్, అంటే తనంతట తాను నడిచే చిన్న ప్రోగ్రాం, రాశాను. దవాఖానకు కావాల్సిన అప్లికేషన్ల జాబితా ఒక ఫైల్లో పెట్టాను. పావుగంటకోసారి ఆ స్క్రిప్ట్ తనంతట తానే డబ్బాలోకి వెళ్ళి, జాబితాలో ఉన్నవాటికి టిక్కు పెడుతుంది, లేనివన్నీ మూసేస్తుంది. ఎవరు చేత్తో తెరిచినా పావుగంటకు మళ్ళీ మూతే. నేను మెత్తబడినా అది మెత్తబడదు. నేను లేనప్పుడు అవసరానికి పనికొస్తుందని నర్సులందరికీ పెద్దయిన పెద్ద సిస్టరుకు టిక్కు పెట్టడం అంతకుముందే నేర్పాను. కానీ స్క్రిప్ట్ సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే దాన్ని ఎలా ఆపాలో కూడా అడుగుతుందని నా భయం.

ఆ ఆదివారం సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాను. పక్షపాతం లేకుండా పనిచేసే జ్ఞానం ప్రభువు నాకిచ్చాడని చెప్పాను. అందరూ హల్లెలూయ అన్నారు. అయ్యగారు భుజం తట్టారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు పట్నం డాక్టరు పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టుకున్నారు. గురువారం సాయంత్రం నేనే దాన్ని మా స్కానింగ్ కంప్యూటర్లో ఎక్కించాను. అలవాటు చొప్పున డబ్బాలో చేత్తో టిక్కు పెట్టాను. పట్నం నుంచి లోపలికి వచ్చి చూశారు, పనిచేసింది. తెల్లారితే ఉపవాస కూటం అని తొందరగా ఇంటికి పోయాను. జాబితాలో దాని పేరు రాయలేదు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. శుక్రవారం ఉపవాస కూటానికి వచ్చినవాళ్ళు ఫోన్లు ఆపేసి గుమ్మం దగ్గరి గంపలో వేయాలి. సాయంత్రం ముగింపు ప్రార్థన అయ్యాకే తీసుకోవాలి. ఆ శుక్రవారం పెద్ద రోడ్డు మీద వంటావార్పు, సమ్మెవాళ్ళు నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి కూర్చున్నారు. మందిరానికి తొవ్వ లేదని ఒక సంఘ పెద్ద ఇంట్లో కూడాం. నేనూ నా ఫోను గంపలో వేశాను. అందరం మోకాళ్ళ మీద ఉన్నాం. సమ్మెలో ఉన్న జనం కోసం, రాష్ట్రం కోసం ప్రాణాలు తీసుకున్న పిల్లల తల్లుల కోసం ప్రార్థించాం.

అదే పొద్దున, మా పక్కింట్లో మగ్గం మీద కూర్చున్న చిన్నాయినకు కుడిచెయ్యి జారిపోయింది. ఆయన మా రక్తసంబంధం కాదు. పక్కపక్క ఇళ్ళలో బతికిన వరుస. చీర అంచున గొల్లభామల బొమ్మల్ని నేసే మనిషి. మూతి వంకర పోయి, మాట ముద్దయ్యింది. ఇద్దరు మోటారు సైకిల్ మీద మధ్యన కూర్చోబెట్టుకుని మా దవాఖానకు తీసుకొచ్చారు. రోడ్డంతా రాళ్ళు, పొయ్యిలు, ఉడుకుతున్న బగార అన్నం. ఈయన్ని చూసి, వంట చేస్తున్నవాళ్ళే "జరగున్రి, దవాఖానకు పోతున్రు, జరగున్రి" అని రాళ్ళు తీసి, మండుతున్న పొయ్యి ఒకటి పక్కకు లాగి తొవ్వ ఇచ్చారట.

స్కాన్ వెంటనే తీశారు. అలాంటి పక్షవాతానికి ఒక ఇంజక్షను ఉంది. మొదటి కొన్ని గంటల్లోనే ఇవ్వాలి. తలలో రక్తం కారలేదని బొమ్మలు చూసి తేల్చుకోకుండా ఇస్తే ప్రాణమే పోవచ్చు. పట్నం డాక్టరు లోపలికి రాబోతే డబ్బా రానివ్వలేదు. పెద్ద సిస్టరు మెట్ల కిందికి ఉరికి టిక్కు పెట్టింది. బొమ్మలు రావడం మొదలైంది, ఆగిపోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ మొదటి నుంచి మొదలైంది, మళ్ళీ ఆగిపోయింది. ఇరవై నిమిషాల పనికి నా స్క్రిప్ట్ పావుగంట కంటే ఎక్కువ ఇవ్వదు.

ఆమె నాకు ఫోన్ చేస్తూనే ఉంది. చివరికి కాంపౌండరును పంపింది. అతను ముందు మందిరానికి పోయాడు, తాళం ఉంది. ఇల్లిల్లూ అడుక్కుంటూ మా దగ్గరికి వచ్చాడు. వచ్చి గంప పక్కన నిలబడ్డాడు. కళ్ళు మూసుకుని ఉన్నాం, ఎవరమూ చూడలేదు.

"ప్రార్థన నడుమ ఎట్ల పిలుస్తనన్నా? అయిపోతదేమోనని నిలవడ్డ," అన్నాడు తర్వాత. ఎంతసేపు నిలబడ్డాడో నేను ఈనాటికీ అడగలేదు.

ప్రార్థన ముగిసి కళ్ళు తెరిస్తే అతను కనిపించాడు, సంగతి విని పరుగెత్తాను. స్క్రిప్ట్ ఆపాను. బొమ్మలు పట్నం చేరాయి. పట్నం డాక్టరు చూసి, రక్తం కారలేదు కానీ ఇంజక్షనుకు టైం దాటిపోయింది, ఇక ఇవ్వొద్దు అన్నారు.

పెద్ద సిస్టరు నా వైపు తిరిగింది. "ఎన్నిసార్లు తీసిననో లెక్కలేదన్నా. తీసుడు, మూసుకునుడు. ఎవరు మూసిన్రు?"

"నేనే," అన్నాను.

చిన్నాయిన బతికాడు. మాట సగం తిరిగి వచ్చింది. కుడిచెయ్యి రాలేదు. ఆ ఇంజక్షను అందరికీ పనిచేయదని, ఇచ్చినా చెయ్యి వచ్చేదని ఎవరూ చెప్పలేరని పట్నం డాక్టరు అన్నారు. ఆ మాటను పట్టుకుని నిద్రపోవాలని చూశాను. కుదరలేదు.

వారం తర్వాత చిన్నాయిన భార్య, మా చిన్నమ్మ దగ్గరికి పోయాను. ఆమె ఆయనకు చెంచాతో జావ తాగిస్తోంది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. డబ్బా, జాబితా, పావుగంట, అన్నీ.

"నీ మిషన్ల ముచ్చట నాకు తెల్వది బిడ్డా," అంది. "సిస్టరమ్మ ఫోన్ చేసిందట గద. ఎందుకు ఎత్తలే?"

"ప్రార్థనల ఉన్న చిన్నమ్మా."

"ఎవరి కోసం?"

"జనం కోసం."

ఆమె ఆయన గదవ మీద కారిన జావ కొంగుతో తుడిచింది. నేను లేచి వచ్చాను.

స్క్రిప్ట్‌ను మార్చాను. మనిషి చేత్తో తెరిచినదాన్ని మనిషే మూయాలి. జాబితాలో లేనిది తెరిచి ఉంటే స్క్రిప్ట్ దాని పేరు కాగితం మీద అచ్చు వేసి, మూయాలా అని అడుగుతుంది, అంతే. పెద్ద సిస్టరుకు అంతా చూపించాను, ఆపడం కూడా. శుక్రవారాల్లో నా ఫోను గంపలో వేయడం మానేశాను. అయ్యగారు ఎందుకని అడగలేదు. నేనూ చెప్పలేదు. మెప్పు కోసం చెప్పిన సాక్ష్యం ఒక్కటే సంఘం విన్నది. రెండోది నా నోటికి రాలేదు.

కొన్నేళ్ళకు రాష్ట్రం వచ్చింది. వీధంతా గులాలు, పటాకులు. చిన్నాయిన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చున్నాడు. లోపల మగ్గం మీద పాత దుప్పటి కప్పి ఉంది. ఎవరో ఆయన నుదుటికి రంగు పూశారు. నేను దగ్గరికి పోతే ఎడమచెయ్యి చాపాడు. పట్టుకున్నాను.

ఆ రెండో సాక్ష్యం ఇదే. ముఖం చూడకపోవడమే నీతి అనుకున్నాను. ప్రభువు గుడ్డివాళ్ళ ముఖాలూ కుష్ఠురోగుల ముఖాలూ ఆగి ఆగి చూశాడని నాకు ఎవరూ చెప్పక కాదు. నేనే వినలేదు.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం ఆగి నాతో కలిసి ప్రార్థించండి. ఆ చెయ్యి కోసం, ఇప్పటికీ ఆ దుప్పటిని దులిపి మళ్ళీ మగ్గానికే కప్పుతున్న ఆ తల్లి కోసం. "ఎవరి కోసం?" అని ఆమె అడిగిన మాటకు నిజమైన జవాబు చెప్పే ధైర్యం నాకు ఇమ్మని కూడా ఆయన్ని అడగండి. ఆమేన్.