ముందు బెంచీ దత్తాత్రి

సిద్దిపేట బస్టాండులో కూర్చుని, కోమటి చెరువు కట్ట మీద ఏ మొగుడూ పెళ్లాలు రాత్రి కూర గురించి ఏమని గొడవపడుతున్నారో పొల్లు పోకుండా చెప్పగలిగే మనిషి భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. పేరు దత్తాత్రి. సొంతూరు చంద్లాపూర్, వయసు ముప్పై అయిదు, చదివేది ఎంసీఏ. ఆ మధ్య రంగనాయక సాగర్‌లో రెండు చేపలు నీళ్ల కింద గుసగుసలాడుకుంటే ఒడ్డు మీద నిలబడి అది కూడా పట్టేశాడని అంటారు. చేపలు సాక్ష్యం చెప్పవు కాబట్టి ఆ ముచ్చట వదిలేద్దాం. మిగిలింది మాత్రం నిజానికి కూతవేటు దూరంలోనే ఉంది.

తమాషా ఏమిటంటే, ఇంత దూరం మాట పట్టే మనిషికి చెవులు సరిగా వినపడవు.

డిగ్రీ చేతికి రాగానే దత్తాత్రి భివండిలో సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పనికి పోయాడు. వాళ్ల నాయన అప్పటికే అక్కడ ఉన్నాడు. ఆ రేకుల షెడ్డులో వరసగా సాంచెలు, వాటి మధ్య మనిషి పట్టేంత సందు. ఒక్కసారి కరెంటు వేశారంటే నోట్లోంచి వచ్చిన మాట పెదవి దాటకుండానే చచ్చిపోతుంది. అరిచి లాభం లేదు. అందుకే సాంచెల మీద బతికేవాళ్లు చెవుల్ని ఇంట్లో పెట్టి కళ్లతో వింటారు. షెడ్డు ఆ కొసన ఉన్నవాడు పెదవులు కదిపితే ఈ కొసన ఉన్నవాడు నవ్వుతాడు. సేఠ్ వెనక్కి తిరిగితే చాలు, అతడి వీపుకు నాలుగు భాషల్లో శబ్దం లేని తిట్లు. అలా ఏళ్లు గడిచాయి. నాయన పోయాడు. ఒకరోజు షెడ్డు యజమాని సాంచెలను తుక్కు కింద అమ్మేశాడు. చప్పుడు ఆగిన తర్వాత కూడా దత్తాత్రి చెవుల్లో చప్పుడు ఆగలేదు. బయటి లోకం మాత్రం ఎక్కడో దూరంగా, దుప్పటి కింద నుంచి మాట్లాడినట్టు వినబడేది.

తమ్ముడు రమేశ్ అక్కడే చాయ్ బండి పెట్టుకుని తల్లి కొమురవ్వను తన దగ్గర ఉంచుకున్నాడు. దత్తాత్రి ఒక్కడే తిరిగొచ్చాడు. "ఒక్కపాలన్న కుర్సీల కూసోని పనిచెయ్యాలె అవ్వా, నిలబడి నిలబడి కాళ్లు మర్చిపోయిన" అని చెప్పి, ప్రవేశ పరీక్ష రాసి, సిద్దిపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో సీటు తెచ్చుకున్నాడు.

మొదటి రోజు ఉతికిన తెల్ల చొక్కా టక్ చేసుకుని, నెత్తికి నూనె పెట్టి దువ్వి, క్లాసులో అడుగుపెట్టాడు. క్లాసు క్లాసంతా లేచి నిలబడింది. "గుడ్ మార్నింగ్ సార్" అంది. ఆ నిమిషంలో "నేను గూడ మీ అసోంటోన్నే" అని ఉంటే కథ వేరుగా ఉండేది. దత్తాత్రి అనలేదు. చెయ్యి కొంచెం పైకెత్తి, కూర్చోండి అన్నట్టు ఊపి, ముందు బెంచీలో కూర్చున్నాడు. సార్ వెళ్లి బెంచీలో ఎందుకు కూర్చున్నాడో క్లాసుకు అర్థమయ్యేసరికి కొంతసేపు పట్టింది. అర్థమైన తర్వాత కూడా పిలుపు మారలేదు. సార్ పక్కన ఎవరు కూర్చుంటారు చెప్పండి. ఆ చోటు ఖాళీగా ఉండిపోయింది.

ముందు బెంచీ మర్యాద కోసం కాదు, అవసరం కోసం. లెక్చరర్ ముఖం కనబడితే పాఠం వస్తుంది. బోర్డు వైపు తిరిగితే పాఠం పోతుంది. నెట్‌వర్కుల సార్ గంటలో ముప్పావు గంట బోర్డుతోనే మాట్లాడే రకం. ఆ సబ్జెక్టంతా దత్తాత్రి ఆయన వీపు చూసి నేర్చుకున్నాడు, తర్వాత గదిలో పుస్తకంతో మళ్లీ నేర్చుకున్నాడు. ఇక తన గొంతా, అది సాంచెల గొంతు. నెమ్మదిగా అంటున్నానని తను అనుకునేది గేటు దగ్గర వాచ్‌మన్‌కు వినబడేది. లైబ్రరీలో ఒకసారి పక్కవాడిని టైమెంత అని అడిగితే పై అంతస్తులో ముగ్గురు టైము చెప్పారు. ఆ నాటి నుంచి నోరు మూసుకున్నాడు. పిల్లలు అది గంభీరం అనుకున్నారు.

సాయంత్రాలు కోమటి చెరువు కట్ట మీద గడిచేవి. ఎవరూ లేని బెంచీ చూసుకుని కూర్చునేవాడు. దూరంగా జనం నడుస్తుంటే వాళ్ల పెదవుల మీద నుంచి ముచ్చట్లు ఏరుకునేవాడు. ఒకావిడ తోటికోడలి గురించి చెప్పేది. ఇద్దరు ముసలివాళ్లు మోకాళ్ల నొప్పులు పోల్చుకునేవాళ్లు. ఎవరో కొత్త దంపతులు ఫ్రిజ్ కొందామా, కూలర్ కొందామా అని రోజూ వాదించుకుని రోజూ కొనకుండా పోయేవాళ్లు. దత్తాత్రి మనసులో ఫ్రిజ్ వైపే ఉండేవాడు. వాళ్లు రెండు రోజులు కనబడకపోతే మూడో రోజు కట్ట చివరి దాకా వెతికి వచ్చేవాడు. వాళ్లకు ఇతడెవరో తెలియదు.

ఆదివారం పూట కొమురవ్వ ఫోను. ముఖం కనబడాలని వీడియో కాల్ పెట్టమంటాడు. ఆమె పెడుతుంది, పెట్టి ఫోను చెవికి ఆనించుకుంటుంది. తెర నిండా తల్లి చెవీ, దానికి వేలాడే కమ్మా కనబడతాయి.

"అవ్వా, ఫోను మొఖం ముందట పట్టుకో."

"ఏందిరా కొడుకా, ఇనబడ్తలేదు, గట్టిగ చెప్పు."

"మొఖం. మొఖం సూపియ్యి."

ఒక క్షణం ముఖం వస్తుంది. "దోస్తులు దొరికిన్రా బిడ్డా?" అని పెదవులు అడుగుతాయి. "మస్తుమంది ఉన్నరే అవ్వా" అంటాడు. తర్వాత మళ్లీ చెవి. సాంచెల పక్కన నూలు కండెలు చుట్టీ చుట్టీ ఆమె చెవులు కూడా అదే దారి పట్టాయి. ఇద్దరిలో ఎవరూ ఆ మాట ఎత్తరు.

ఇలా ముక్కుతూ మూలుగుతూ ఆఖరి సెమిస్టర్ వచ్చింది. సెమిస్టర్‌తో పాటు ప్రాజెక్టు వచ్చింది. కాలేజీ రూలు ఏమిటంటే ప్రాజెక్టు బ్యాచికి నలుగురు ఉండాలి, ఒక్కడిగా చేస్తానంటే కుదరదు. బ్యాచి లేనివాడికి ప్రాజెక్టు లేదు, ప్రాజెక్టు లేనివాడికి డిగ్రీ లేదు. దసరా సెలవులకు ముందే పేర్లు హెచ్‌ఓడీ స్వరాజ్యలక్ష్మి మేడం చేతిలో ఉండాలి. భివండి వదిలి, తల్లిని వదిలి వచ్చిందంతా ఇప్పుడు ముగ్గురు పిల్లలు తనను కలుపుకోవడం మీద నిలబడింది. అడగాలంటే నోరు తెరవాలి. తెరిస్తే సైరన్ మోగినట్టే.

క్లాసులో అందరూ నలుగురు నలుగురుగా కూడుకున్నారు. సతీశ్, సింధుజ, రత్నాకర్ మాత్రం ముగ్గురే మిగిలారు. వాళ్ల నాలుగోవాడు చదువుకు దండం పెట్టి ఇంటికి పోయాడు. ఆ బ్యాచిలో అందరికంటే తెలివైనవాడు అతడేనని కొందరి అభిప్రాయం, ముఖ్యంగా అతడి అభిప్రాయం. ముగ్గురితోనే కానివ్వమని వాళ్లు మేడం చుట్టూ తిరుగుతున్నారు. ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఈ మూల దత్తాత్రి ఒక్కడే ఉప్మా తింటుంటే, ఆ మూల సతీశ్ పెదవులు కదిలాయి.

"మేడం ఒప్పుకోకుంటే సార్‌ను కలుపుకోవాలె ఏమో."

"వద్దు తియ్" అన్నాయి సింధుజ పెదవులు. "ఆయన మాట్లాడడు, నవ్వడు. పక్కన కూసుంటే పరీక్ష రాస్తున్నట్టే ఉంటది."

దత్తాత్రి తల దించుకుని ఉప్మాలో కరివేపాకు ఏరాడు. మళ్లీ తలెత్తేసరికి ఆమె ల్యాప్‌టాప్ తెర వైపు చూపిస్తూ, పొద్దటి నుంచి డేటాబేస్ కనెక్ట్ కావడం లేదనీ, పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా అదే తప్పు వస్తోందనీ చెబుతోంది. ఆ తప్పు తనకూ వచ్చింది, తను సరిచేసుకున్నాడు. సాయం చేద్దామనుకున్నాడు. చేస్తే నవ్వని మనిషి కాదని తెలుస్తుంది కదా అనుకున్నాడు. కూర్చున్న చోటి నుంచే, తన లెక్కలో నెమ్మదిగానే అన్నాడు.

"పాస్‌వర్డ్ గాదు చెల్లె, సర్వర్ సురువు చెయ్యనే లేదు నువ్వు."

గల్లా పెట్టె దగ్గరివాడి చేతిలో చిల్లర జారింది. సింధుజ అటూ ఇటూ చూసింది. మధ్యలో ఆరు బల్లలు, వాటి చుట్టూ నలభై నోళ్లు. ఈయనకెలా వినబడింది? సర్వర్ నడపగానే కనెక్ట్ అయింది, అది ఇంకా భయం. పాస్‌వర్డ్ సంగతి విన్నవాడు దానికి ముందుదీ విని ఉంటాడు కదా.

మరునాటికి కాలేజీ అంతా పాకింది. సార్ బల్లల కింద మైకులు పెట్టాడని ఒకరు, మేడం పంపిన మనిషని ఇంకొకరు. చివరికి పెదవులు చూస్తాడని ఎవరో కనిపెట్టారు. అంతే, దత్తాత్రి క్లాసులోకి వస్తే ఆడపిల్లలు చున్నీ నోటికి అడ్డం పెట్టుకునేవారు, మగపిల్లలు అరచెయ్యి పెట్టుకునేవారు. క్లాసంతా పంటినొప్పి దవాఖానలా ఉండేది. వాళ్లకది ఆట. దత్తాత్రికి మాత్రం మూసుకున్న ఒక్కో నోటితో ఒక్కో మనిషి ఆరిపోయాడు. సాంచెలు ఆగినప్పుడు కూడా అంత నిశ్శబ్దం అతడు చూడలేదు. కోమటి చెరువుకు పోవడం కూడా మానేశాడు. ఎవరి ముచ్చటైనా చూడాలంటే దొంగతనంలా అనిపించేది.

పేర్లు ఇచ్చే ఆఖరి రోజు వచ్చింది. స్వరాజ్యలక్ష్మి మేడం క్లాసుకు వచ్చి బోర్డు మీద బ్యాచిలు రాస్తోంది. రాస్తూ, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"దత్తాత్రి, నీ పేరు ఏ బ్యాచిల లేదు. ఏం చేద్దామనుకున్నవ్?"

దత్తాత్రి ఆమె జడ వైపు శ్రద్ధగా చూస్తున్నాడు. మేడం మళ్లీ అడిగింది. వెనక అరచేతుల చాటున నవ్వులు. ఆమె గిరుక్కున తిరిగింది.

"నేను ఎవలితోని మాట్లాడుతున్న? గోడతోనా?"

ఈ మాట కనబడింది. దత్తాత్రి లేచి, మేడమూ క్లాసూ రెండు వైపులా కనబడేలా పక్కకు తిరిగి నిలబడ్డాడు. క్లాసంతా తన వైపే చూస్తోంది, సగం ముఖాలతో. ఇక దాచుకోవడానికి ఏమీ మిగలలేదు.

"నాకు చెవులు మంచిగ ఇనబడయి మేడం. సాంచెల మీద పనిచేసిన్నాడు పోయినయి. మొఖం కనబడ్తెనే మాట తెలుస్తది. ఎవల ముచ్చటనో దొంగతనంగ ఇందామని గాదు. నాకు ఇంకో తీరుగ రాదు." ఊపిరి తీసుకున్నాడు. "నన్ను ఎవలన్న కలుపుకోన్రి."

ఆ గొంతు కారిడార్ దాటి, మెట్లు దిగి, సైకిల్ స్టాండు దాకా పోయింది. పక్క సెక్షన్‌లో పాఠం ఆగింది.

మేడం చేతిలో చాక్‌పీసు అలాగే ఉంది. "గీ మాట మొదటి దినమే చెప్పొద్దా?"

"మొదటి దినం అందరు లేచి నిలబడ్డరు మేడం. గప్పుడెట్ల చెప్పాలె."

ఎవరూ నవ్వలేదు. మేడం మళ్లీ బోర్డు వైపు తిరగబోయి, ఆగి, దత్తాత్రి వైపే ముఖం ఉంచి పక్కకు నిలబడింది. వెనక బెంచీలో సతీశ్ సింధుజ వైపు చూశాడు. ఆమె కాసేపు బల్ల గీకింది, తర్వాత తలూపింది. సతీశ్ నోటి మీద నుంచి చెయ్యి తీశాడు. శబ్దం చేయకుండా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు, పెదవులతో ఒక్కొక్క మాటే విప్పి అన్నాడు.

"మా దాంట్లకు రా అన్నా."

"వస్త" అన్నాడు దత్తాత్రి, సైరన్ గొంతుతో.

దేనికి వస్తానన్నాడో ఆ క్లాసులో ముప్పావు వంతు మందికి తెలియలేదు. మేడం బోర్డు మీద మూడు పేర్ల కింద నాలుగో పేరు రాసింది.

మరునాడు ముందు బెంచీలో పక్క చోటు ఖాళీగానే ఉంది. సతీశ్ వాళ్లు వెనక బెంచీ వదిలే రకం కాదు. ల్యాబులో మాత్రం మాట్లాడేటప్పుడు ఆ ముగ్గురూ అతడి వైపు తిరిగి మాట్లాడేవారు, గుర్తున్నప్పుడు. ఆ ఆదివారం కొమురవ్వ చెవికి దత్తాత్రి దోస్తుల పేర్లు చెప్పాడు, మొదటిసారి పేర్లతో సహా.

ఇప్పుడు సిద్దిపేటలో ఈ కథ వేరేగా నడుస్తోంది. ఆ రోజు దత్తాత్రి గొంతు వినగానే ఉన్న బ్యాచిలన్నీ మాకంటే మాకని మీదపడ్డాయట, సతీశ్ చొక్కా చిరిగిందట, సింధుజ ఇద్దరిని బెంచీతో కొట్టి మరీ గెలుచుకుందట, ఆఖరికి మేడం లాటరీ తీయాల్సి వచ్చిందట. చాయ్ హోటల్‌లో ఈ ముచ్చట మంచి ఊపు మీద ఉండగా దత్తాత్రి అక్కడే గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. చెబుతున్న నోటి వైపే కళ్లు పెట్టి, మొత్తం చూసి, గ్లాసు కింద పెట్టాడు.

"కొట్లాట ఎవలు కొట్లాడలే. బ్యాచికి నలుగురు కావాలె. వాళ్లు ముగ్గురున్నరు."