వేట వారంలో ఏడో మనిషి

మ్యాచ్ షీట్‌లో చివరి పేరు పదకొండేళ్లుగా మైవోర్ ఎడ్‌లుండ్‌దే. మా ఊరి మహిళల ఫుట్‌బాల్ జట్టుకు మేనేజరు ఆమె. జెర్సీలు ఉతికేదీ, మైదానంలో గీతలు గీసేదీ, విరామంలో కాఫీ పెట్టేదీ ఆమే. తన పేరు లెక్క కోసం రాసేది తప్ప ఒక్కసారీ ఆడలేదు. వయసు యాభై నాలుగు. కుడి మోకాలికి రెండు ఆపరేషన్లు.

సెప్టెంబరు మొదటి శనివారం ఆ పేరుతో పనిపడింది. దుప్పుల వేట మొదలైన వారం అది. ఆ వారంలో మా దగ్గర పెళ్లిళ్లు కూడా పెట్టుకోరు. మ్యాచ్ తేదీ మార్చమని ఏప్రిల్‌లోనే లీగ్‌కు రాయాల్సింది మైవోరే. మరిచిపోయింది. సగం జట్టు తుపాకులతో అడవిలో ఉంది. మైదానానికి వచ్చింది ఆరుగురు.

ఏడుగురు లేనిదే ఆట మొదలవదు. మధ్యలో ఒకరు తగ్గినా రిఫరీ ఆపేస్తుంది. జూన్‌లో ఒక మ్యాచ్ ఇలాగే వదులుకున్నారు. రెండోదీ పోతే జట్టును లీగ్ నుంచి తీసేస్తారు.

"అత్తా, నీకు బూట్లు తెచ్చా," అంది కెప్టెన్ యోర్డిస్. మైవోర్ తమ్ముడి కూతురు.

"నేను పరిగెత్తలేనే."

"ఎవరు పరిగెత్తమన్నారు? గోల్ స్తంభాలు పరిగెడుతున్నాయా? నిలబడు, చాలు."

విరామానికి మా మీద ఆరు గోల్స్ పడ్డాయి. తాళం వేసి ఉన్న కాఫీ గది ముందు జనం గుమిగూడారు.

"తాళంచెవి నా సాక్సులో ఉంది. కావాల్సినవాళ్లు వంగి తీసుకోండి," అని అరిచింది మైవోర్.

డెబ్భై ఎనిమిదో నిమిషంలో, తొమ్మిది గోల్స్ పడ్డాక, ఆమె మోకాలు మెలిపడింది. పడిపోయింది. రిఫరీ వంగి చూసింది.

"ఆడగలరా? లేవలేకపోతే ఆట ఆపాలి."

"అత్తా, లేవకు. కాలు పోతుంది. లీగ్ పోతే పోనీ."

"నోర్ముయ్. తేదీ మరిచింది నువ్వా, నేనా? చెయ్యివ్వు."

కుంటుకుంటూ వెళ్లి స్తంభం పక్కన నిలబడింది. ఆమె గోల్ గీత మీద అలా ఉన్నంతసేపూ అవతలి జట్టుకు ఆఫ్‌సైడ్ అన్నదే లేదు, గోల్ ముందు ఎక్కడ నిలబడి బంతి అందుకున్నా తప్పు కాదు. ఇంకో మూడు గోల్స్ పడ్డాయి. ఎవరూ లెక్కచేయలేదు. అందరి చూపూ ఆమె మోకాలి మీదే. ఎనభై తొమ్మిదో నిమిషంలో బంతి వచ్చి నేరుగా ఆమె పొట్టకు తగిలింది. ముందుకు తూలింది. స్తంభం పట్టుకుంది. కింద మాత్రం పడలేదు.

విజిల్ మోగింది. పన్నెండు, సున్నా. ఏడుగురూ మైదానంలోనే ఉన్నారు.

మైవోర్ అప్పుడు కూలబడింది. అడవి నుంచి నేరుగా వచ్చిన మా గోల్‌కీపర్ టూవా, నారింజ రంగు టోపీతో, చేతుల మీద ఎండిన నెత్తురుతో గట్టున నిలబడి అడిగింది:

"ఎన్ని?"

"పన్నెండు."

"అడవిలో మాకు రెండే."

వచ్చే ఏడాది షెడ్యూలు రావడానికి ఇంకా ఆరు నెలలుంది. కాఫీ గది ఫ్రిజ్‌లోంచి ఎవరో తెచ్చిన, గడ్డకట్టిన లింగన్ అనే అడవి పళ్ల సంచి మోకాలికి ఆనించుకుని, మైవోర్ అక్కడే ఫోన్ తీసి లీగ్‌కు రాసింది: వేట వారంలో మాకు మ్యాచ్ పెట్టకండి.