సినిమాలో చప్పుడు ఆగినప్పుడు

పాత సినిమాలే గొప్పవని వాదించేవాళ్ళతో గొడవపడే ఓపిక నాకిప్పుడు లేదు. అంతరిక్షంలో ఓడలు తిరిగే ఆ ఇంగ్లీషు సినిమాల వరుసలో కొత్తగా వచ్చినవే నాకు ఇష్టం. పాతవాటిలో హీరోకి అలుపన్నదే లేదు. కొత్తవాటిలో అదే మనిషి గడ్డం నెరిసి, ఎక్కడో మారుమూల తలదాచుకుని, యుద్ధం మాటెత్తితే మొహం తిప్పుకుంటాడు. వీరాభిమానులకు అది చూస్తే ఒళ్ళు మండుతుంది. తమ హీరోని ముసలివాణ్ణి చేశారని ఫోన్లలో ఒకటే శాపనార్థాలు. పొద్దంతా సాంచల మధ్య నిలబడి వచ్చే నాకు మాత్రం, ఆ మనిషి అలా నీరసంగా కూర్చుంటే ప్రాణం హాయిగా ఉంటుంది. వీడెవడో మనవాడే అనిపిస్తుంది.

సాంచలంటే మరమగ్గాలు. కరీంనగర్‌కి బస్సు దూరంలో ఉన్న మా ఊళ్ళో సగం ఇళ్ళు వాటి మీదే బతుకుతాయి. షెడ్డులో అవి నడుస్తుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. అందుకే పెదాలు చూసి మాట్లాడుకుంటాం, మిగతాది చేతులతో చెప్పుకుంటాం. పోగు తెగితే ఒక సైగ, సాంచ ఆగిపోతే ఇంకో సైగ, చాయ్‌కి పోదామంటే మరొకటి. మా బాపు, అంటే మా నాన్న, జీవితమంతా ఆ చప్పుడులోనే గడిపాడు. ఇప్పుడు ఆయనకు రెండు చెవులూ పనిచేయవు. ఎదుటివాళ్ళ నోరు చూసి మాట అర్థం చేసుకుంటాడు.

తెలుగు సినిమాలైతే పెదాలను బట్టే కథ పట్టేస్తాడు. డబ్బింగ్‌వి ఆయనకు కొరుకుడుపడవు, అక్కడ పెదాలు తెలుగు మాట్లాడవు కదా. అయినా ఈ అంతరిక్షం సినిమాలంటే నాకంటే ముందు తయారవుతాడు. వాటిలో ముసుగుల మనుషులూ, నోరే లేని యంత్రాలూ బోలెడు. వాళ్ళ ముందు చెవులున్నవాడూ లేనివాడూ ఒకటే. కథ తనే అల్లుకుంటాడు. మొరాయించిన ఓడని నడిపేవాడు కాలితో తన్నడం చూసి, "వీడు మన తీర్గనే సాంచలు నడిపినోడురా" అని ఒకసారి హాలంతా వినపడేలా అన్నాడు.

నా కుడి చెవి కొన్ని నెలలుగా సరిగా వినపడటం లేదు. ఇంట్లో చెప్పలేదు. నా భార్య వంటింట్లోంచి ఏదైనా అంటే లేచి వెళ్ళి ఆమెకు ఎదురుగా నిలబడేవాణ్ణి. ప్రేమ పెరిగిందనుకుంది పాపం. చెవి పోవడం కంటే నాకు వేరే భయం ఉంది. బాపు "ఏందిరా" అని రెండోసారి అడిగితే ఇంట్లో అందరం ఒకటే అంటాం, "ఏంలే తియ్" అని. చుట్టాల ముచ్చట్లు, కొట్లాటలు, నవ్వులు అన్నీ ఆ మాట దగ్గరే ఆగిపోయాయి, ఆయనదాకా పోలేదు. రేపు నా బిడ్డ నాతోనూ అదే మాట అంటుందని నా గుబులు.

మొన్న ఆ వరుసలోదే ఇంకొకటి తెలుగులో ఆడుతోందంటే, సాంచలకు సెలవు రోజు చూసి ఇద్దరం కరీంనగర్‌లో మ్యాట్నీకి పోయాం. సగం మాటలు నాకు అందలేదు. డబ్బింగ్ దరిద్రంగా ఉందని తిట్టుకున్నాను. పక్క సీట్లవాళ్ళు మాత్రం చక్కగా నవ్వుతున్నారు. నేనూ బాపులాగే తెర మీద నోళ్ళు చూస్తున్నానని అప్పుడు తెలిసింది.

చివరికి వచ్చేసరికి పెద్ద ఓడ ఒకటి నిలువునా చీలింది. ఆ క్షణాన చప్పుడంతా ఆగిపోయింది. తీసినవాళ్ళే కావాలని అలా ఆపారని మిగతా జనానికి తెలిసే ఉంటుంది. నాకు తట్టలేదు. మంచి చెవి కూడా పోయిందనుకుని రెండు చేతులతో చెవులు మూసి, తీసి చూశాను.

"కరెంటు పోయిందారా?" అన్నాడు బాపు గట్టిగా.

కుర్చీ అదరడం ఆగిందని ఆయన వీపుకి తెలిసింది. మా బతుకులో చప్పుడు ఆగేది కరెంటు పోయినప్పుడే. హాలంతా గొల్లున నవ్వారు. బాపు మాటా, ఆ నవ్వూ నాకు వినపడ్డాయి. నా మంచి చెవి పోలేదు.

తిరుగు బస్సులో బాపు నా కుడి పక్కన కూర్చుని చాలాసేపు నా మొహమే చూశాడు. తర్వాత తన చెవి ముట్టుకుని అడిగాడు.

"ఎప్పటిసంది?"

"ఏంలే తియ్ బాపు." అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

ఆయన నా పెదాలు చదివాడు. "గా మాట నాకు చెప్పకురా. నువ్వు నోర్లు సూడవట్టి శాన దినాలైంది. నాకెర్కలేదా?"

ఇక దాచే ఓపిక కూడా లేకపోయింది. కుడి చెవి చూపించి, సాంచ ఆగినప్పుడు చేసే సైగ చేశాను. బాపు తల ఊపాడు. లేచి, నన్ను తన చోటికి జరగమని, నా మోకాళ్ళు దాటుకుని కిటికీ పక్కన, నా ఎడమవైపు కూర్చున్నాడు.

"ఇగ ఇను," అని సినిమా కథ తను అల్లుకున్నట్టుగా మొదలుపెట్టాడు. "గా గడ్డం ముసలాయన యుద్ధానికి పిలిస్తే ఎందుకు రాలే అనుకున్నవ్? గాయినకు ఇనవడ్తలే. ఎవ్వలు మళ్ళ జెప్తలేరు."

బస్సులో అందరూ వెనక్కి తిరిగి మమ్మల్నే చూస్తున్నారు. ఊరొచ్చేదాకా నేను ఒక్క మాట పోనీయకుండా విన్నాను.